‘పీషెమ్’లో మకారం ఎక్కడిది

సెర్బో-క్రొయేషియన్ భాషలో ‘రాయడం’ అనే అర్థమున్న ‘పీసతి’ క్రియకు వర్తమాన కాలంలో ఆరు రూపాలున్నాయి: పీషెమ్ (రాస్తున్నాను), పీషెష్ (రాస్తున్నావు), పీషె (రాస్తున్నాడు, రాస్తున్నది), పీషెమొ (రాస్తున్నాము), పీషెతె (మీరు రాస్తున్నారు), పీషు (వాళ్లు రాస్తున్నారు). వ్యాకరణ పుస్తకంలో ఒకే పట్టికలో, ఒకదాని కింద ఒకటిగా, ఒకే ఈడువాటిలా కనిపించే ఈ ఆరు రూపాలూ నిజానికి వేరువేరు కాలాల్లో స్థిరపడినవి. రెండో రూపం చివరి ‘ష్’ సంస్కృత ‘భవసి’లోని ‘సి’కి దాయాది, ఆఖరి రూపంలోని ‘ఉ’ ఒకప్పటి అనునాసిక అచ్చు అరిగిపోగా మిగిలినది, మొదటి రూపంలోని ‘మ్’ మాత్రం ఈ క్రియకు పుట్టుకతో వచ్చినది కాదు, వేరే కొన్ని క్రియల నుంచి అరువు తెచ్చుకున్నది. ఆ మకారం ఎలా వచ్చిందన్నది ఒక కథ కాగా, ఇదే క్రియకు ఒకప్పుడు సొంతంగా ఉన్న భూతకాలం ఎలా పోయిందన్నది దానికి జంటకథ.

సెర్బో-క్రొయేషియన్ అన్న జోడుపేరు 19వ శతాబ్దపు పండితుల మధ్య స్థిరపడి, 20వ శతాబ్దమంతా యుగోస్లావియాలో చెలామణి అయి, ఆ దేశం 1990ల్లో విడిపోయాక అధికార వ్యవహారం నుంచి తప్పుకుంది. నేడు అదే భాషను సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటెనెగ్రిన్ అని నాలుగు పేర్లతో పిలుస్తున్నారు. మాండలికాల విభజన మాత్రం దేశాల సరిహద్దులను పట్టించుకోదు. ‘ఏమిటి’ అని అడగడానికి వాడే మాటను బట్టి వాటికి పేర్లు పెట్టారు: ‘ష్తో’ అనేవారిది ష్తోకవి, ‘చా’ అనేవారిది చాకవి, ‘కాయ్’ అనేవారిది కాయ్కవి. నాలుగు ప్రామాణిక భాషలకూ పునాది ష్తోకవి కాబట్టి, పేరు ఏదైనా పీసతి క్రియ ఆరు రూపాలూ నాలుగింటిలోనూ ఒక్కటే.

ఈ క్రియను ఆ భాషా వ్యాకర్తలు ‘నెస్వర్షెని’ అంటారు, ముగియనిది అని దాని అర్థం. తెలుగు వ్యాకరణంలోని అసమాపక క్రియతో దీనికి పొత్తు లేదు. మన అసమాపకం వాక్యాన్ని ముగించలేని రూపం కాగా, ఇక్కడ ముగియనిది వాక్యం కాదు, పని. అందుచేత దీనిని అసంపూర్ణ క్రియ అనడం మేలు. దాదాపు ప్రతి పనికీ ఈ భాషలో రెండేసి క్రియలు ఉంటాయి, ఒకటి పనిని సాగుతున్నదిగానో మళ్లీ మళ్లీ జరిగేదిగానో చూపేది, మరొకటి దానిని పూర్తయిన ఒక్క ముద్దగా చూపేది. పీసతి మొదటి రకం, దానికి ‘న’ అనే ఉపసర్గ చేరి ఏర్పడిన నపీసతి రెండో రకం. ‘రాస్తూ ఉన్నాను’, ‘రాసేశాను’ అనే మాటల మధ్య తెలుగువారికి తట్టే తేడాకు ఇది దగ్గరగా ఉన్నా, తెలుగులో ‘వేయు’ చేర్చడం చాలావరకు వక్త ఇష్టం, అక్కడ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోకుండా నోరు విప్పడమే కుదరదు. ఈ భేదానికి స్లావిక్ వ్యాకరణాల్లో పేరు ‘వీద్’, అంటే చూపు. సంస్కృతంలో ‘తెలుసుకొను’ అనే అర్థంలో ఉన్న ‘విద్’ ధాతువుకు అది చుట్టమే.

ఏ క్రియ ఏ రకమో తేల్చడానికి కొన్ని గట్టి పరీక్షలున్నాయి. ఏం చేస్తున్నావని అడిగితే ‘పీషెమ్’ అనే జవాబు చెప్పాలి తప్ప ‘నపీషెమ్’ అనకూడదు. పూర్తయిన ముద్దగా చూసిన పని అదే క్షణంలో జరుగుతూ ఉండడం అసాధ్యం గనుక, సంపూర్ణ క్రియ వర్తమాన రూపానికి స్వతంత్ర వాక్యంలో వర్తమానార్థం లేదు, ‘రాసేస్తే’, ‘రాసేశాక’ వంటి ఆధారపడిన ఉపవాక్యాల్లోనే దానికి చోటు. మొదలుపెట్టు, మాను అనే అర్థాల క్రియల వెనుక పీసతి వస్తుంది గాని నపీసతి రాదు, ఎందుకంటే మొదలూ మధ్యా ఉన్న పనినే మొదలుపెట్టగలరు. ఇంకొక విచిత్రం ఆజ్ఞార్థకంలో ఉంది: కిటికీ తెరవమని చెప్పేటప్పుడు సంపూర్ణ క్రియతో ‘ఒత్వొరి’ అంటారు, తెరవవద్దని చెప్పేటప్పుడు అసంపూర్ణ క్రియకు మారి ‘నె ఒత్వారయ్’ అంటారు. జరగకూడని పనికి పూర్తికావడం అనే అంచు ఉండదన్న లెక్క ఒకటి ఇందులో ఉన్నట్టుంది.

అసంపూర్ణ క్రియకు సంబంధించిన పాత సాక్ష్యాల్లో మేలైనది ఒక వ్యాపార పత్రం. బోస్నియా పాలకుడైన బాన్ కులిన్ 1189 ఆగస్టు 29న దుబ్రోవ్నిక్ నగర వర్తకులకు తన రాజ్యంలో స్వేచ్ఛగా తిరిగి వ్యాపారం చేసుకునే హక్కునిస్తూ ఒక శాసనపత్రం ఇచ్చాడు. లాటిన్‌లోనూ స్థానిక భాషలోనూ రాసిన ఆ పత్రంలో స్థానిక పాఠం సిరిలిక్ లిపిలో ఉంది. అందులో ‘ప్రమాణం చేస్తున్నాను’ అనే అర్థంలో ఆయన వాడిన మాట ‘ప్రిసెజయు’. అది అసంపూర్ణ క్రియ, ఉత్తమ పురుష ఏకవచనం, చివర ‘ఉ’ ఉంది, మకారం లేదు. నేటి పాఠకుడికి ఆ రూపం తిరకాసుగా వినిపిస్తుంది, ఎందుకంటే ‘అయు’ అంతం ఈనాటి భాషలో ‘వాళ్లు’ అన్న కర్తకు చెందినది: చితయు అంటే వాళ్లు చదువుతున్నారు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఒక పాలకుడు ‘నేను’ అని చెప్పుకున్న మాట ఇప్పుడు ‘వాళ్లు’ అన్నట్టు ధ్వనిస్తున్నదంటే, మధ్యలో జరిగిన మార్పుకు కారణం కూడా ఆ అయోమయంలోనే దొరుకుతుంది.

సిరిల్, మెథోడియస్ సోదరులు 863లో మొరావియాకు వెళ్లి మతగ్రంథాలను స్లావిక్‌లోకి తెచ్చిన కాలపు భాషలో, అంటే ప్రాచీన చర్చి స్లావిక్‌లో, ‘మోస్తున్నాను’ అనడానికి ‘నెసొఁ’ అనీ, ‘వాళ్లు మోస్తున్నారు’ అనడానికి ‘నెసొఁతు’ అనీ ఉండేది. మొదటిదాని చివర అనునాసిక అచ్చు, రెండోదానిలో అదే అచ్చు మీద ఒక తకారం. దక్షిణ స్లావులలో పడమటివైపు వారి నోట ఆ అనునాసికం ‘ఉ’గా మారింది, రెండో రూపంలోని తకారం ఊడిపోయింది. దాంతో రెండూ ‘నెసు’ అయి కూర్చున్నాయి. రష్యన్ భాష ఆ తకారాన్ని నిలుపుకున్నందువల్ల అక్కడ నేటికీ ‘పిషు’ అంటే నేను, ‘పీషుత్’ అంటే వాళ్లు అన్న తేడా చెక్కుచెదరలేదు. సెర్బులకూ క్రొయేషియన్లకూ ఆ సదుపాయం లేకపోయింది, కర్తను విడిగా చెప్పకుండా క్రియాంతంతోనే పురుషను గుర్తించే అలవాటున్న భాషలో ‘నేను’, ‘వాళ్లు’ ఒక్కటైపోవడం చిన్న ఇబ్బంది కాదు.

పరిష్కారం భాషలోపలే ఉంది. ప్రాచీన చర్చి స్లావిక్‌లో కేవలం అయిదు క్రియలు ఉత్తమ పురుష ఏకవచనంలో ‘మి’ వంటి ప్రత్యయం తీసుకునేవి: ఉండు, ఇచ్చు, తిను, తెలియు, కలిగియుండు అనే అర్థాలవి. వాటిలో ‘యెస్మి’ సంస్కృత ‘అస్మి’కి సూటిగా సరిపోతుంది. సంఖ్యలో తక్కువైనా నిత్యం నోట్లో నానే క్రియలు కావడంతో వాటి బలం ఎక్కువ. ఈలోగా ‘అయె’ అనే అచ్చుల గుంపు కుంచించుకుని ‘ఆ’ కావడంతో ‘చితయెషి’ వంటి రూపాలు ‘చితష్’ (చదువుతున్నావు) అయ్యాయి, అది ‘ఇమష్’ (నీకు ఉంది) అనే పాత రూపంతో అచ్చం కలిసిపోయింది. ఇమష్‌కు ఇమమ్ ఉన్నప్పుడు చితష్‌కు చితమ్ ఎందుకు ఉండకూడదని ఎవరూ కూర్చుని ఆలోచించి ఉండరు గాని, మాట్లాడేవారి నోరు ఆ లెక్కనే వేసింది. అలా మకారం ముందు ‘అ’కారాంత క్రియల్లోకీ, అక్కడినుంచి ‘పీషెమ్’ వంటి ఎకారపు క్రియల్లోకీ పాకి, మధ్యయుగాల చివరి శతాబ్దాల్లో ష్తోకవి అంతటా గెలిచింది. చాకవి మాండలికాల్లో పాత ‘ఉ’ మరికొంత కాలం పట్టు విడవలేదు. ప్రామాణిక భాషలో మకారానికి లొంగనివి రెండే రెండు: మొగు (చేయగలను), హొచు (కావాలంటున్నాను). మొగు మాట నేటికీ ‘నేను చేయగలను’ అనీ ‘వాళ్లు చేయగలరు’ అనీ రెండర్థాలూ ఇస్తుంది, అంటే తక్కిన క్రియలన్నీ తప్పించుకున్న పాత ఇరకాటంలోనే అది ఇంకా ఉంది.

ఇక్కడ సంస్కృతం ఎరిగిన తెలుగు పాఠకులు ఒక్క నిమిషం ఆగవలసిన విషయం ఉంది. ‘భరామి’లోని ‘మి’ కూడా పుట్టుకతో వచ్చినది కాదు. ఇదే ధాతువుకు గ్రీకులో ‘ఫెరో’, లాటిన్‌లో ‘ఫెరో’ అని ఉత్తమ పురుష రూపం ఒక్క దీర్ఘాచ్చుతో ముగుస్తుంది, అవెస్తా ప్రాచీన గాథల్లో కూడా ఇలాంటి క్రియలకు ‘మి’ లేని రూపాలు మిగిలి ఉన్నాయి. ‘అస్మి’, ‘దదామి’ వంటి క్రియల నుంచి ‘మి’ని తెచ్చి ‘భరా’కు తగిలించడం తరువాత జరిగిన పని. మూడు వేల ఏళ్లకు పైగా కిందట వైదిక భాష చేసిన పనినే, దానితో ఏ సంబంధమూ లేకుండా, బాల్కన్ పర్వతాల నడుమ మధ్యయుగపు రైతులూ పశువుల కాపరులూ మళ్లీ చేశారు. ‘భరామి’కి అక్కడి తోబుట్టువు ‘బెరెమ్’, పూలో పళ్లో కోస్తున్నానని దాని అర్థం. రెండింటి చివరా మకారం ఉండడం చూసి అది ఉమ్మడి వారసత్వమని అనుకోవడం సహజమే, ధాతువు మట్టుకు ఉమ్మడిదే, మకారం ఎవరిది వారు సంపాదించుకున్నది.

సంస్కృత సంధి తెలిసినవారికి పరిచితంగా తోచే మరొక ముడి కుపోవతి అనే క్రియలో ఉంది. కొనడం అనే అర్థంలో సంపూర్ణ క్రియ కూపితి, దానికి అసంపూర్ణ జంట కుపోవతి. కాని వర్తమానంలో ‘కుపోవమ్’ అనరు, ‘కుపుయెమ్’ అంటారు. ‘ఓవ’ ఎందుకు ‘ఉయ’ అవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక పాత సంయుక్తాచ్చు: ‘ఒఉ’ అనే ఆ ధ్వని అచ్చు ముందు ‘ఒవ్’గా విడిపోయింది, హల్లు ముందు ముడుచుకుని ‘ఉ’ అయింది. ‘భవితుమ్’, ‘భవతి’లలో ఓకారం అచ్చు ముందు ‘అవ్’ కావడాన్ని గుర్తుచేసుకుంటే చాలు. పీసతిలోని సకారం పీషెమ్‌లో షకారమవడం ఇంత దూరం పోవలసిన విషయం కాదు. సకారం పక్కన ఒక యకారం ఉండేది, రెండూ కలిసి షకారమయ్యాయి. ఇటువంటి మార్పులు ధాతువు చూసి ఊహించలేనివి కనుకనే ఆ భాష నిఘంటువులు ప్రతి క్రియకూ తుమున్నర్థక రూపం పక్కనే ఉత్తమ పురుష ఏకవచనాన్ని కూడా ఇస్తాయి.

వర్తమానంలో ఇలా కొత్త ప్రత్యయం పాదుకుంటూ ఉండగా, భూతకాలంలో తద్విరుద్ధమైన నష్టం నడిచింది. ప్రాచీన స్లావిక్‌కు రెండు సరళ భూతకాలాలుండేవి. మొదటిది అఓరిస్తు, జరిగిపోయిన ఘటనను చెప్పేది. దాని ‘హ్’ ప్రత్యయం మూలంలో సకారమే, సంస్కృత లుఙ్ లకారంలో కనిపించే సకారానికి బంధువు. రెండోది ఇంపెర్ఫెక్తు, సాగుతూ ఉండిన పనిని చెప్పేది, స్లావులు కొత్తగా నిర్మించుకున్నది. ‘పిసాఅహు’ వంటి ప్రాచీన రూపం కుంచించుకుని ‘పీసహ్’ (రాస్తూ ఉండేవాణ్ని) అయింది. పీసతి ఇంపెర్ఫెక్తు రూపాలు ఇవి: పీసహ్, పీసషె, పీసషె, పీసస్మొ, పీసస్తె, పీసహు. అదే క్రియకు అఓరిస్తు రూపాలు పీసహ్, పీస, పీస, పీసస్మొ, పీసస్తె, పీసషె. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆరింట మూడు అక్షరాలా ఒకటే, నోటిలో అచ్చు నిడివి ఒక్కటే వాటిని వేరుచేస్తుంది. పైగా ‘పీసషె’ అనేది ఒక వరుసలో ‘అతను రాస్తూ ఉండేవాడు’, మరొక వరుసలో ‘వాళ్లు రాశారు’. ఇంత దగ్గరగా ఇరుక్కున్న రెండు కాలాలు ఒకే ఇంట్లో ఎక్కువకాలం మనడం కష్టం.

వీటిని మొదట పుస్తకానికెక్కించినవాడు బర్తొల్ కాషిచ్. అడ్రియాటిక్ సముద్రంలోని పాగ్ దీవిలో పుట్టిన ఈ జెసూట్ పాదిరి 1604లో రోములో లాటిన్‌లో ప్రచురించిన వ్యాకరణం ఈ భాషకు తొలి ముద్రిత వ్యాకరణం. బాల్కన్ ప్రాంతానికి పంపే మతప్రచారకులకు భాష నేర్పడం దాని అవసరం. లాటిన్ చట్రంలో కాలాలకు గదులున్నాయి గాని ‘చూపు’కు గది లేదు, అందువల్ల ఆ చట్రాన్ని పట్టుకున్న వ్యాకర్తలు ఎవరైనా జంట క్రియల సంగతిని పక్కవాకిలి నుంచే లోపలికి తేవలసి వచ్చేది. ఆ తరువాత రెండు శతాబ్దాల్లో దుబ్రోవ్నిక్‌లో, స్లావోనియాలో మరికొన్ని వ్యాకరణాలు వచ్చాయి. హంగరీ ఏలుబడిలోని సెర్బుల చదువరి వర్గం మాత్రం రష్యన్ ముద్ర ఉన్న చర్చి స్లావిక్‌నూ తమ వాడుకనూ కలిపి రాసుకుంటూ, ఊరివాళ్లు మాట్లాడే క్రియారూపాలను మోటువిగా చూసింది.

ఆ మోటురూపాలను ప్రామాణికం చేసినవాడు వూక్ కరాజిచ్. పడమటి సెర్బియాలోని త్ర్షిచ్ గ్రామంలో 1787లో పుట్టి, ఒట్టోమన్లపై తిరుగుబాటు అణగారిపోయాక 1813లో వియన్నా చేరి, అక్కడి రాజగ్రంథాలయంలో పనిచేస్తూ స్లావిక్ పుస్తకాలను సెన్సారు చేసే స్లొవేనియన్ పండితుడు యెర్నెయ్ కోపితర్ ప్రోద్బలంతో 1814లో చిన్న వ్యాకరణాన్నీ, 1818లో ఇరవయ్యారు వేలకు పైగా మాటలున్న నిఘంటువునూ తెచ్చాడు. నిఘంటువుకు ముందుమాటగా ఉన్న వ్యాకరణాన్ని యాకొబ్ గ్రిమ్ జర్మన్‌లోకి అనువదించి 1824లో ప్రచురించడంతో పీసతి రూపాలు యూరప్ పండితుల బల్లల మీదికి చేరాయి. మాట్లాడినట్టే రాయి, రాసి ఉన్నట్టే చదువు అన్న సూత్రం వూక్ పేరుతో ప్రసిద్ధమైంది, అది జర్మన్ వ్యాకర్త ఆడెలుంగ్ నుంచి వచ్చినదే అయినా. ఆ సూత్రంలోని క్రియలను విడదీసి చూడడం సరదాగా ఉంటుంది: రాయి, మాట్లాడు, చదువు అనే మూడూ అసంపూర్ణ క్రియలు, ఎప్పుడూ పాటించవలసిన అలవాటును చెప్పేవి, ‘రాసి ఉన్నది’ అన్నది మాత్రం నపీసతి నుంచి వచ్చిన సంపూర్ణ రూపం, ఎందుకంటే చదివే వేళకు రాత పూర్తయి కాగితం మీద ఉంటుంది. వాక్యం మధ్యలో చూపు మారినా మాట్లాడేవారెవరికీ ఆ సంగతి తట్టదు.

మాట్లాడినట్టే రాయాలన్న పట్టుదల భూతకాలం విషయంలో వూక్‌ను ఒక చిక్కులోకి దింపింది. ఆయన ప్రాంతపు వాడుకలో హకారం దాదాపు పలకరు, కాబట్టి 1818 నిఘంటువులో ఆ అక్షరానికే చోటు ఇవ్వలేదు. హకారం పోతే ‘పీసహ్’ అనే అఓరిస్తు ‘పీస’ అవుతుంది, అంటే ‘రాశాను’కూ ‘రాశాడు’కూ తేడా ఉండదు. తరువాత దుబ్రోవ్నిక్, మాంటెనెగ్రో ప్రాంతాల్లో తిరిగి, అక్కడివారు హకారాన్ని స్పష్టంగా పలకడం విని, 1836లో త్సెతిన్యెలో అచ్చయిన సామెతల సంపుటి నుంచి దానిని అంగీకరించాడు. ఒక అక్షరాన్ని తిరిగి తెచ్చినంతలో ఒక కాలం ప్రాణం నిలిచిందని చెప్పలేము గాని, రాతలోనైనా రెండు సరళ భూతకాలాలకూ ఉత్తమ పురుష దక్కింది. 1847 వాటికి చివరి పెద్ద పంట సంవత్సరం: వూక్ చేసిన కొత్త నిబంధన అనువాదం, మాంటెనెగ్రో పాలకుడూ కవీ అయిన న్యెగొష్ ‘గొర్స్కి వియెనత్స్’ రెండూ వియన్నాలో ఆ ఏడాదే వెలువడ్డాయి. గ్రీకు మూలంలో ఇంపెర్ఫెక్తు, అఓరిస్తు విడివిడిగా ఉండడం వూక్‌కు కలిసివచ్చింది. న్యెగొష్‌కు అవి పుట్టిన ఊరి మాటలే. 1852లో నలభై ఏడు వేలకు పైగా మాటలతో వచ్చిన నిఘంటువు రెండో కూర్పు ప్రతి క్రియ పక్కనా అది సంపూర్ణమో అసంపూర్ణమో లాటిన్ సంక్షేపంతో గుర్తించింది. కాలాల కంటే చూపే ఈ భాషకు వెన్నెముక అన్న గుర్తింపు ఆ చిన్న గుర్తులో ఉంది.

ఇంపెర్ఫెక్తు చావుకు హకారలోపం, రూపసామ్యం తోడ్పడిన మాట నిజమే, అసలు కారణం మాత్రం ఆ వెన్నెముక బలపడడమే అనిపిస్తుంది. ప్రాచీన స్లావిక్‌లో చూపు, కాలం రెండూ విడివిడి సంగతులు. సంపూర్ణ క్రియకు ఇంపెర్ఫెక్తు చేర్చి ‘ప్రతిసారీ వచ్చేసేవాడు’ వంటి అర్థం తేగలిగేవారు, అసంపూర్ణ క్రియకు అఓరిస్తు కూడా ధారాళంగా ఉండేది. క్రమేణా ఇంపెర్ఫెక్తు అసంపూర్ణ క్రియలకే పరిమితమైంది, అఓరిస్తు ఎక్కువగా సంపూర్ణ క్రియలకే అంటిపెట్టుకుంది. అంటే సాగుతూ ఉండిన పని అని ధాతువు ఒకసారి చెప్పాక, అదే సంగతిని ప్రత్యయం మరొకసారి చెబుతున్నది. ఒకే మాటకు రెండు ముద్రలు వేసే గుమాస్తా పని అది. ఇదే సమయంలో మూడో భూతకాలం ఒకటి సిద్ధంగా ఉంది: లకారాంత కృదంతానికి ‘ఉన్నాను’ అనే సహాయక క్రియ చేర్చి ‘పీసఓ సమ్’. ఇది ఏ చూపుకూ కట్టుబడనిది. పీసఓ సమ్ అంటే రాస్తూ ఉండేవాణ్ని, నపీసఓ సమ్ అంటే రాసేశాను, తేడా అంతా ఉపసర్గలోనే ఉంది, ప్రత్యయంతో పని లేదు.

ఆ కృదంతం విశేషణం వంటిది కనుక లింగవచనాలు దాన్ని వదలవు. రాసినది స్త్రీ అయితే ‘పీసల సమ్’, పురుషుడైతే ‘పీసఓ సమ్’. హిందీలో ‘మైఁ గయా’, ‘మైఁ గయీ’ అనడంలో కనిపించే తేడా కూడా కృదంతం నుంచి పుట్టినదే. పురుషరూపంలో లకారం కనబడకపోవడానికి కారణం 14వ శతాబ్దం ప్రాంతంలో ష్తోకవిలో మాట చివరనో హల్లు ముందో ఉన్న లకారం ‘ఒ’గా కరిగిపోవడం, ‘బెల్‌గ్రాద్’ బెఒగ్రాద్ అయినదీ ఆ మార్పువల్లే. జాగ్రెబ్ చుట్టుపక్కల కాయ్కవివారు ఇప్పటికీ ‘పీసల్’ అనే అంటారు.

భవిష్యత్తు కథ కొంత భిన్నం, ఎందుకంటే అక్కడ పోయినదేమీ లేదు, ప్రాచీన స్లావిక్‌కు ప్రత్యేక భవిష్యత్తే లేదు. కోరు అనే అర్థమున్న ‘హొచు’ అరిగి ‘చు’ అనే తోకమాట అయింది, అది పీసతికి వెనుక చేరి ‘రాస్తాను’ అయింది. సెర్బియాలో కలిపి ‘పీసచు’ అని రాస్తారు, క్రొయేషియాలో విడదీసి ‘పీసత్ చు’ అని రాస్తారు, పలకడం మాత్రం రెండు చోట్లా ఒకటే. కోరిక నుంచి భవిష్యత్తు పుట్టించడం బాల్కన్ అంతటా ఉన్న అలవాటు, గ్రీకులోనూ బల్గేరియన్‌లోనూ రొమేనియన్‌లోనూ అదే పోకడ కనిపిస్తుంది. వేరువేరు శాఖల భాషలు పొరుగున బతికి ఒకే అచ్చులోకి ఒదగడాన్ని కోపితర్ 1829లోనే గమనించగా, డేనిష్ పండితుడు సాన్‌ఫెల్ద్ 1930లో ఫ్రెంచిలో వెలువడిన గ్రంథంలో దానిని సవిస్తరంగా నిరూపించాడు. ఆ అచ్చులోనే మరొక అంశం తుమున్నర్థకాన్ని వదిలేయడం: ‘రాయాలి’ అనడానికి జాగ్రెబ్‌లో ‘మొరమ్ పీసతి’ అంటే బెఒగ్రాద్‌లో ‘మొరమ్ ద పీషెమ్’ అంటారు, అక్షరాలా చూస్తే ‘నేను రాస్తాను అన్నది నాకు తప్పనిసరి’ అన్నట్టు. ఆగ్నేయ సెర్బియా పల్లెల మాండలికాల్లో తుమున్నర్థకం మొత్తానికే లేదు. తూర్పుకు పోయేకొద్దీ తుమున్నర్థకం తగ్గి, దాని బరువంతా వర్తమాన రూపాల మీద పడుతుంది, మధ్యయుగంలో అరువు తెచ్చుకున్న మకారానికి అక్కడ పని రెట్టింపు.

19, 20వ శతాబ్దాల భాషారాజకీయాలు ఈ చిన్న తేడాలనే పట్టుకుని ఊగాయి. 1850 వియన్నా ఒప్పందంలో వూక్‌తో పాటు క్రొయేషియన్ రచయితలు కూడా సంతకాలు చేసి ఉమ్మడి ప్రామాణికానికి బాట వేశారు, 1899లో జాగ్రెబ్‌లో వెలువడిన తొమొ మారెతిచ్ వ్యాకరణం వూక్, ఆయన అనుచరుడు దానిచిచ్‌ల వాడుకనే ప్రమాణంగా తీసుకుంది, 1954 నోవీ సాద్ ఒప్పందం దానిని మళ్లీ ఖరారు చేసింది, ఆపైన 1967లో క్రొయేషియన్ సంస్థలు తమ భాషాపేరును విడిగా గుర్తించాలని ప్రకటించాయి. పరభాషా క్రియల తోకల్లో కూడా ఈ చీలిక ఉంది: పడమట జర్మన్ నుంచి వచ్చిన ‘ఇరతి’, తూర్పున గ్రీకు అఓరిస్తు నుంచి వచ్చిన ‘ఇసతి’, నిర్వచించడం అక్కడ దెఫినీరతి, ఇక్కడ దెఫినిసతి. ఈ కొత్త క్రియల్లో చాలావాటికి జంట లేదు, ఒకే క్రియ సంపూర్ణంగానూ అసంపూర్ణంగానూ పనిచేస్తుంది, సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. వెయ్యేళ్లుగా చూపు చెప్పకుండా నోరు విప్పని భాషలో ఇలా తటస్థంగా ఉండే హక్కు అరువుమాటలకే ఎక్కువగా దక్కింది.

ప్రామాణిక భాషల వ్యాకరణాలు ఇంపెర్ఫెక్తు పట్టికను నేటికీ ముద్రిస్తాయి, మాంటెనెగ్రోలోనూ ఆగ్నేయ మాండలికాల్లోనూ అది కొంత ఊపిరితో ఉంది, తక్కిన చోట్ల పాత కవిత్వంలోనూ మతగ్రంథాల్లోనూ తప్ప ఎదురుకాదు. అఓరిస్తు అదృష్టం కొంత మెరుగు: ‘వెళ్తున్నా’ అనడానికి ‘ఒదొహ్’, ‘చేరుకున్నా’ అనడానికి ‘స్తిగొహ్’ అని సెర్బియాలో మాటల్లోనే కాక, అక్షరాలు కలిసివస్తాయి గనుక మొబైల్ సందేశాల్లోనూ విరివిగా వాడుతున్నారు. ఇంపెర్ఫెక్తుకు అటువంటి రెండో జన్మ దక్కలేదు. అయినా ‘ఉండు’ క్రియ ఇంపెర్ఫెక్తు ఒక్కటి, ‘బెషె’, బెఒగ్రాద్ వీధుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఏదో పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగినప్పుడు, ఆ కాలాన్ని జీవితంలో మరెక్కడా వాడని మనిషి కూడా నుదురు రుద్దుకుంటూ ‘కాకొ ఒనొ బెషె?’ అంటాడు, అదేమిటబ్బా, ఏదో ఉండేదే అని.